నవ్వాలా ఏడవాలా తెలియని సినిమాలు చూడటం ఎలా: తిరుపతి నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

కొరియా సినిమా పారసైట్ చూసి "కామెడీ అన్నారు కదన్నా, మరి చివర్లో ఆ కత్తులేంది?" అని అడిగినవాళ్లు తిరుపతిలో నాకు చాలామందే తగిలారు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కామెడీ ట్రాకు వేరు, సెంటిమెంటు వేరు, ఫైటు వేరు అని విడివిడిగా చూస్తూ పెరిగాం మనం. ఇంటర్వెల్ దాకా నవ్వించి, తర్వాత ఏడిపించి, చివర్లో ఇంకో జోకు వేసి ఇంటికి పంపించే సినిమా అలవాటైనవాళ్లకు ఒకే సీన్లో, ఒక్కోసారి ఒకే మాటలో, నవ్వూ గుండెలో కలుక్కుమనడమూ కలిసొస్తే ఏం చెయ్యాలో తోచదు. పక్కవాళ్లు నవ్వుతున్నారా లేదా అని చూస్తాం, వాళ్లు కూడా మనల్నే చూస్తుంటారు.

తెలుగు, తమిళ సినిమాలు బాగా చూసి, ఓటీటీలో విదేశీ సినిమా ఒకటో రెండో మొదలుపెట్టి సగంలో ఆపేసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చెప్పాలనుకున్నది ప్రధానంగా ఒక్కటే. ఈ సినిమాల్లో నవ్వొక చోట నుంచి, బాధ ఇంకో చోట నుంచి రావు. ఏదో ఒక చిన్న వస్తువు మీదో, ఒక చిన్న పని మీదో రెండూ కలిసి ఉంటాయి. దాన్ని పట్టుకోవడం వచ్చిందంటే ఫిన్లాండ్ సినిమా అయినా అర్జెంటీనా సినిమా అయినా మనకు పరాయిది కాదు. ఎలా పట్టుకోవాలో ఒక్కొక్క మెట్టుగా చెబుతాను.

1. ముందు మనకు తెలిసిందేంటో గుర్తు చేసుకోండి

తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసిన మనిషి డార్క్ కామెడీకి, అంటే చావునూ బాధనూ నవ్వుతో కలిపే చీకటి కామెడీకి, కొత్తవాడు కాదు. ఊళ్లో ఆడవాళ్ల మీద పడే పాలెగాణ్ణి వెతుక్కుంటూ అమ్మవారు రోజుకో వేషంలో తిరిగిందని కదా కథ. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఇలా వరసగా వేషాలు. వేషం కట్టినవాళ్లు దారిన పోయేవాళ్లను బూతులు తిడతారు, తిట్లు తిన్నవాళ్లు నవ్వుతారు, పిల్లలు భయపడుతూనే వెనకాల పరిగెత్తుతారు. దొర వేషం నాడు పాలెగాడు దొరికిపోతాడు, తల తెగుతుంది. అక్కడితో అయిపోతే అది మామూలు దుష్టసంహారమే. ఆ తర్వాత మాతంగి వేషంలో అమ్మవారే వెళ్లి ఆ పాలెగాడి పెళ్లాన్ని ఓదారుస్తుంది. బూతు, నవ్వు, చావు, ఓదార్పు, నాలుగూ ఒకే జాతరలో, ఒకే దేవత దగ్గర. నేను చూసిన విదేశీ సినిమాల్లో ఇంత ధైర్యమున్నవి తక్కువ.

చిత్తూరు పల్లెల్లో జరిగే మహాభారత ఉత్సవాలూ అంతే. బకాసుర వధ నాడు భీముడి తిండి చూసి పిల్లలు పడీ పడీ నవ్వుతారు, కానీ ఆ అన్నం బండి బయల్దేరింది ఒక ఇంటి మనిషిని రాక్షసుడికి అప్పజెప్పడానికి అన్న సంగతి అక్కడ కూర్చున్న అవ్వలందరికీ తెలుసు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రాసిన మన పల్లె కథలు చదివినవాళ్లకైతే ఇంత వివరం అక్కర్లేదు, ఆకలి గురించి రాస్తూనే కడుపుబ్బ నవ్విస్తారాయన.

ఇక చావు జరిగిన ఇళ్లు. శవం లేచేదాకా పొయ్యి వెలిగించకూడదు, అయినా పక్కింట్లో నుంచి టిఫిను ఎప్పుడొస్తుందా అని పెద్ద మేనమామ గుసగుసగా కనుక్కుంటుంటాడు, అది విన్న ఇద్దరు కుర్రాళ్లు నవ్వాపుకోలేక పెరట్లోకి పారిపోతారు. మీ బంధువుల్లో ఇలాంటిది ఒకటి జరిగే ఉంటుంది. మొదటి సినిమా పెట్టే ముందు దాన్ని గుర్తు చేసుకోండి. ఎవరు నవ్వారు, దేని మీద నవ్వారు, ఆ నవ్వు పోయినాయన్ను అవమానించిందా లేక ఆయన లేని ఇంట్లో కాసేపు ఊపిరి ఆడేలా చేసిందా. ఈ ప్రశ్నకు మీ జవాబేంటో మీకు తెలిస్తే చాలు.

2. మొదటి సినిమా దగ్గర్లోనే వెతుక్కోండి

నేరుగా స్వీడన్ పోవద్దు. బలగం (2023) నుంచి మొదలుపెట్టండి, ఇదివరకు చూసి ఉంటే ఈసారి కొత్త కళ్లతో చూడండి. తాత చనిపోతాడు, అప్పుల్లో ఉన్న మనవడికి ముందు పట్టుకునే టెన్షన్ తాత గురించి కాదు, తన పెళ్లీ దాంతో వచ్చే కట్నమూ ఏమవుతాయోనని. తీసిన వేణు ఎల్దండి అంతకుముందు కామెడీ నటుడిగా తెలిసినవాడు కావడం ఇక్కడ చిన్న విషయం కాదు. నవ్వు ఏ క్షణంలో ఆపాలో తెలిసినవాడే ఇలాంటిది తియ్యగలడు. అందులో అల్లుడికీ బావమరిదికీ ఏళ్ల తరబడి మాటల్లేకపోవడానికి కారణం భోజనాల దగ్గర ఒక నల్లిబొక్క, అంటే మూలుగ ఉన్న ఎముక. విన్నప్పుడు నవ్వొస్తుంది. ఆ బొక్క వల్ల ఒక ఆడపిల్ల ఇన్నేళ్లు పుట్టింటి గడప తొక్కలేదని తెలిసినప్పుడు ఆ నవ్వు ఏమవుతుందో మిమ్మల్ని మీరే గమనించుకోండి. పిండం కాకి ముట్టదు. కాకి కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసే ఆ సీన్లు తెలంగాణలో తీసినవే, కానీ ఆ నిరీక్షణ మన కపిలతీర్థం దగ్గర కర్మలు చేయించుకున్న ఏ కుటుంబానికైనా తెలిసిందే.

రెండోది తిథి. రామ్ రెడ్డి తీసిన కన్నడ సినిమా, 2015లో స్విట్జర్లాండ్‌లోని లొకార్నో సినిమా పండుగలో గోల్డెన్ లెపర్డ్ గెలిచింది, కొత్త దర్శకుల విభాగంలో. కుప్పం, పలమనేరు వైపు వాళ్లకు సబ్‌టైటిల్ కూడా సగం అక్కర్లేదు. మండ్య జిల్లా పల్లె, నటులంతా అక్కడి మనుషులే. దారి పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్లందరినీ తిట్టే 101 ఏళ్ల సెంచరీ గౌడ కథ మొదట్లోనే పోతాడు. ఆయన కొడుక్కి ఆస్తి అక్కర్లేదు, మనవడికి మాత్రం భూమి అమ్మాలని తొందర, అందుకని బతికున్న తండ్రిని కాగితాల మీద చంపేస్తాడు. ఇందులో ఎవరూ జోకు వెయ్యరు. మనుషులు తమ పనులు తాము సీరియస్‌గా చేసుకుపోతుంటారు, నవ్వు దానంతటదే వస్తుంది. ప్రపంచంలో ఈ రకం సినిమాల్లో చాలావాటి పద్ధతి ఇదే కాబట్టి దీన్ని రెండోదిగా చూడమంటున్నాను.

తమిళం అర్థమయ్యే తిరుపతివాళ్లు మండేలా (2021) కలుపుకోండి. ఊరు రెండు వర్గాలుగా చీలిపోయి, ఎన్నికలో ఒక్క మంగలి ఓటు మీద గెలుపోటములు ఆధారపడితే ఏమవుతుందన్నది కథ, యోగిబాబు నటన కోసమైనా చూడాలి. మలయాళంలో లిజో జోస్ పెల్లిశ్శేరి తీసిన ఈ.మ.యౌ. (2018) కూడా చావు కథే, తండ్రికి ఘనంగా అంత్యక్రియలు చేస్తానని మాటిచ్చిన కొడుకు పడే పాట్లు. కానీ అది బాగా చీకటిగా ఉంటుంది, నాలుగోదిగా పెట్టుకోండి.

3. సినిమా, గది, సబ్‌టైటిల్స్

ఏ సినిమా ఏ ఓటీటీలో ఉందన్నది తరచూ మారుతుంటుంది. జస్ట్‌వాచ్ అనే సైటులో దేశం ఇండియా అని పెట్టి సినిమా పేరు కొడితే ఎక్కడుందో, అద్దెకు దొరుకుతుందో లేదో చూపిస్తుంది. డబ్బింగ్ ఉన్నా సరే, మూలభాషలోనే పెట్టి సబ్‌టైటిల్స్ వేసుకోండి. ఈ సినిమాల్లో సగం కామెడీ గొంతులో ఉంటుంది, మనిషి విసుగును మింగేసి మర్యాదగా మాట్లాడే తీరులో ఉంటుంది, డబ్బింగ్ గొంతు దాన్ని చెడగొట్టేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు వెంటవెంటనే చదవడం కష్టమనిపిస్తే సెట్టింగ్స్‌లో సైజు పెంచండి, మొదటి పది నిమిషాలు రెండుసార్లు చూడండి, కళ్లు అలవాటు పడతాయి. ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించాలంటే మాటకు మాట వద్దు, సీను ఆపి రెండు ముక్కల్లో చెప్పి మళ్లీ పెట్టండి.

టీవీలో మోషన్ స్మూతింగ్ లాంటి, కదలికల్ని కృత్రిమంగా నునుపు చేసే సెట్టింగు ఏదైనా ఉంటే తీసేసి సినిమా మోడ్ పెట్టండి. బొమ్మను సాగదీసి స్క్రీన్ నింపకండి, అంచుల్లో నల్లటి పట్టీలు ఉంటే ఉండనివ్వండి. మిద్దె మీద ప్రొజెక్టర్ పెట్టుకోవడం వేసవి రాత్రుల్లో బాగుంటుంది గానీ ఈ సినిమాలకు పనికిరాదు. వీధి కుక్కలు, పెళ్లి మైకులు, పక్కింటి సీరియల్ మధ్య నిశ్శబ్దం మీద నడిచే సినిమా చచ్చిపోతుంది. ఇంటి లోపల, కిటికీలు మూసి, ఫోన్లు ఇంకో గదిలో పెట్టి చూడండి. తినడానికి మురుకుల కంటే బొరుగులు మేలు, శబ్దం తక్కువ.

4. వస్తువును పట్టుకోండి

అసలు మెట్టు ఇదే, తొందరపడకుండా చదవండి.

రూబెన్ ఓస్ట్లుండ్ తీసిన ఫోర్స్ మజూర్ (2014) సంగతి చూద్దాం. స్వీడన్ కుటుంబం, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆల్ప్స్ కొండల్లో సెలవులు. హోటల్ ఆరుబయట టేబుళ్ల దగ్గర భోంచేస్తుంటే ఎదురుగా కొండ మీద నుంచి మంచు జారడం మొదలవుతుంది. ముందు అందరూ ఫోన్లు తీసి వీడియో తీస్తుంటారు, భర్త కూడా. ఏం కాదు, కావాలనే జార్చే మంచు ఇది అంటాడు. మంచు దగ్గరికొస్తుంది, ఇంకా దగ్గరికొస్తుంది, ఒక్కసారిగా అరుపులు. తల్లి ఇద్దరు పిల్లల్నీ పొదువుకుంటుంది. తండ్రి తన ఫోనూ గ్లవ్సూ తీసుకుని పారిపోతాడు. తెరంతా తెల్లటి పొగ. కాసేపటికి పొగ విడిపోతుంది, ఎవరికీ ఏమీ కాలేదు, ఆయన నెమ్మదిగా తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంటాడు. ఇదంతా కెమెరా కదలకుండా ఒకే షాటులో జరుగుతుంది.

మొదటిసారి చూస్తే నవ్వొస్తుంది, ఆ పరుగు అలాంటిది. కానీ ఫోన్ గురించి ఆలోచించండి. ఆయన ఒట్టి చేతులతో పారిపోయి ఉంటే భయం అని సరిపెట్టుకోవచ్చు, భయానికి ఎవరినీ తప్పుపట్టలేం. ఫోన్ తీసుకున్నాడు. అంటే చెయ్యి చాపి ఒకదాన్ని అందుకునే తీరిక ఉంది, ఆ చెయ్యి పిల్లల వైపు పోలేదు. మిగతా సినిమా అంతా ఆ భార్య ఈ ఒక్క విషయం అర్థం చేసుకోవడానికి చేసే ప్రయత్నం. ఆయనేమో నేను పరిగెత్తలేదంటాడు. నవ్వించిందీ ఫోనే, కాపురం పునాది కదిపిందీ ఫోనే.

ఇప్పుడు ఇంకో ఊరు, ఇంకో వస్తువు. ఫిన్లాండ్ దర్శకుడు అకి కౌరిస్మాకి తీసిన ఫాలెన్ లీవ్స్ (2023) కేవలం 81 నిమిషాలు, ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా పండుగలో జ్యూరీ ప్రైజ్ వచ్చింది. గడువు దాటిన తిండి ఇంటికి తీసుకెళ్లిందని సూపర్‌మార్కెట్ ఉద్యోగం పోగొట్టుకున్న అన్సా, తాగుడు మానలేని కార్మికుడు హోలప్ప. ఆమె ఫోన్ నంబరు రాసిచ్చిన కాగితం అతను పోగొట్టుకుంటాడు. ఎలాగో మళ్లీ కలుస్తారు, ఆమె అతన్ని భోజనానికి పిలుస్తుంది. పిలిచి, దుకాణానికి వెళ్లి ఒక ప్లేటు, దాంతో తినడానికి కావలసిన సామాను ఒక్కొక్కటి కొంటుంది. మేం నలుగురం చూస్తుంటే ఇక్కడ ఇద్దరికి నవ్వొచ్చింది, ఒక్క ప్లేటు కొనడమేంటని. రిటైరైన టీచరమ్మ ఒకావిడ మాతో చూస్తోంది, ఆమె నెమ్మదిగా అంది: "ఇంట్లో రెండో ప్లేటు లేదంటే, ఇన్నేళ్లూ ఆ పిల్ల ఇంటికి ఎవురూ రాలేదనే కదా నాయనా." సినిమా ఈ మాట ఎక్కడా చెప్పదు. ప్లేటు చూపించి ఊరుకుంటుంది.

రాయ్ ఆండర్సన్ సినిమా ఒకటుంది, పేరు చాలా పొడుగు, ఎ పిజన్ శాట్ ఆన్ ఎ బ్రాంచ్ రిఫ్లెక్టింగ్ ఆన్ ఎగ్జిస్టెన్స్, 2014లో వెనిస్ పండుగలో గోల్డెన్ లయన్ గెలిచింది. మొదట్లోనే మూడు చావులు చూపిస్తాడు. ఒకటి ఓడ క్యాంటీన్లో. మనిషి కింద పడి చనిపోయి ఉన్నాడు, కౌంటర్ దగ్గరామె సమస్యేంటంటే, ఆయన రొయ్యల శాండ్‌విచ్‌కూ బీరుకూ డబ్బులిచ్చేశాడు, ఇప్పుడు వీటినేం చెయ్యాలి, మళ్లీ అమ్మలేం కదా, ఎవరికైనా కావాలా అని అడుగుతుంది. ఒకాయన మొహమాటంగా లేచి బీరు తీసుకుంటాడు. వస్తువు అక్కడే కౌంటర్ మీద ఉంది, మనిషి లేడు. ఎంత పెద్దమనిషైనా పోయిన గంటకు ఇంట్లో మిగిలే లెక్కలు ఇలాంటివే, వాచీ ఎవరికి, ఫోన్ రీఛార్జి ఇంకా ఎన్ని రోజులుంది.

కాబట్టి చేసే పని: సినిమా చూస్తూ ఒక వస్తువును ఎంచుకోండి. మొదటిసారి అది నవ్వించినప్పుడు మనసులో గుర్తుపెట్టుకోండి. మళ్లీ ఎప్పుడొస్తుందో, ఎవరి చేతిలోకి వస్తుందో చూడండి. మంచి సినిమా అయితే తప్పకుండా తిరిగొస్తుంది, లేదా రావలసిన చోట రాకపోవడమే బాధ అవుతుంది. వస్తువేదీ దొరకలేదంటే మాటను చూడండి. పారసైట్లో రాత్రంతా కురిసిన వాన పేదవాళ్ల ఇల్లు ముంచేసి మురుగు పైకి తెస్తుంది, మర్నాడు పెద్దింటి ఇల్లాలు కార్లో కూర్చుని ఫోన్లో ఆ వాన భలే మేలు చేసిందని, ఆకాశం శుభ్రమైపోయిందని చెబుతుంది. ముందు సీట్లో బండి నడుపుతున్నది ఇల్లు మునిగినాయన.

5. ఇప్పుడు దేశాలు దాటండి, ఈ వరసలో

మొదట వైల్డ్ టేల్స్ (2014), అర్జెంటీనా, దామియాన్ సిఫ్రోన్. ఆరు విడివిడి కథలు, మొత్తం 122 నిమిషాలు, ఒక రాత్రి రెండు కథలే చూసి ఆపేసినా నష్టం లేదు. కూతురి పుట్టినరోజు కేకు కొంటుంటే టోయింగ్ వాళ్లు కారు లాక్కెళ్లిపోయిన ఇంజినీరు కథ ఉంది చూడండి, ఆఫీసుల చుట్టూ తిరిగి, తప్పు మాది కాదు కౌంటరు మాది కాదు అనిపించుకున్న ఎవరికైనా ఆయన కోపం సొంత కోపమే అనిపిస్తుంది. ఆయన వృత్తి కట్టడాలు పేల్చడం. ఇక మీరే ఊహించుకోండి. తర్వాత పారసైట్. తర్వాత ఫోర్స్ మజూర్, ఫాలెన్ లీవ్స్. ఇవి దాటాకే ఆండర్సన్.

పాలస్తీనా దర్శకుడు ఎలియా సులైమాన్ తీసిన ఇట్ మస్ట్ బి హెవెన్ (2019) నాకు చాలా ఇష్టం. ఆయనే నటిస్తాడు, సినిమా మొత్తం మీద నోరు విప్పేది దాదాపు లేనట్టే. నజరేత్‌లో ఆయన ఇంటి చెట్టు నిమ్మకాయలు పక్కింటాయన కోసేసుకుంటూ, పిలిచాను ఎవరూ పలకలేదు అంటాడు. ఇంకో రోజు అదే పక్కింటాయన కొమ్మలు కత్తిరిస్తుంటాడు, ఇంకో రోజు నీళ్లు పోస్తుంటాడు. దొంగతనమా, సేవా? ఆ చెట్టు ఎవరిదిప్పుడు? ఆ దేశం చరిత్ర కొంచెమైనా తెలిసినవాళ్లకు ఆ నిమ్మచెట్టు ఎంత పెద్దదో అర్థమవుతుంది, తెలియనివాళ్లకు కూడా పొలం గట్టు తగాదాలు తెలుసు కాబట్టి సగం అందుతుంది.

ద డెత్ ఆఫ్ మిస్టర్ లాజరెస్కు (2005) రుమేనియా సినిమా, క్రిస్టి పుయు దర్శకుడు. పిల్లులతో ఒంటరిగా ఉండే ముసలాయన, తలనొప్పి, కడుపునొప్పి, అంబులెన్స్ పిలుస్తాడు. ఆ రాత్రంతా ఒక నర్సు ఆయన్ను ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిప్పుతుంది, ప్రతిచోటా డాక్టర్లు ముందు అడిగేది తాగావా అని. రెండున్నర గంటల సినిమా. "వేలూరుకు తీసుకుపోండి" అన్న మాట విని అర్ధరాత్రి వ్యాను మాట్లాడుకున్న చిత్తూరు కుటుంబాలకు ఈ కథలో ప్రతి మలుపూ ముందే తెలిసినట్టుంటుంది. అందుకే హెచ్చరిక కూడా: ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేనప్పుడు దీన్ని పెట్టకండి. ఆ నర్సును మాత్రం చూడండి. ఆమె కూడా అలసిపోయింది, విసుక్కుంటుంది, డాక్టర్ల చేత మాటలు పడుతుంది, అయినా ఆయన్ను వదిలేసి పోదు.

6. కెమెరా ఎంత దూరంలో ఉందో చూడండి

ఇది చిన్న మెట్టు. మన సినిమాల్లో జోకు పడగానే నవ్వే మొహం దగ్గరగా చూపిస్తారు, వెనక ఒక టుంయ్ అని శబ్దం వస్తుంది, ఇక్కడ నవ్వాలి అని చెప్పినట్టు. ఈ దర్శకుల్లో చాలామంది అలా చెప్పరు. ఆండర్సన్ కెమెరాను దూరంగా కదలకుండా పెట్టి గదంతా చూపిస్తాడు, నవ్వాల్సింది మూలన ఎక్కడో జరుగుతుంటుంది, మీరే వెతుక్కోవాలి. కౌరిస్మాకి నటులు మొహంలో ఏమీ చూపించరు, అందుకే వాళ్లు చిన్నగా నవ్వినా పెద్ద సంఘటనలా ఉంటుంది. సీను అయిపోయిందనిపించాక కూడా షాటు ఇంకా నడుస్తుంటే ఫార్వర్డ్ చెయ్యకండి. నవ్వు తగ్గి ఇంకేదో మొదలయ్యేది ఆ మిగిలిన క్షణాల్లోనే.

7. ఎవరి మీద నవ్వుతున్నామో అడగండి

నల్లగా ఉన్నాడని, లావుగా ఉందని, నత్తి ఉందని నవ్వించే కామెడీ మనకు బోలెడంత ఉంది. అది చీకటి కామెడీ కాదు, బలహీనుణ్ణి నలుగురిలో కొట్టడం. రెంటికీ తేడా తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష ఇది: తెర మీద ఆ మనిషి ఇప్పుడొచ్చి మన పక్కన కూర్చుంటే ఈ నవ్వు కొనసాగించగలమా?

పారసైట్లో పీచ్ పండు నూగు పడని పనావిడ ఉంటుంది. ఆమెకు టీబీ అని నమ్మించి ఉద్యోగం ఊడగొట్టడానికి ఆ నూగు చల్లుతారు, టిష్యూ కాగితం మీద ఎర్ర సాస్ పూస్తారు. పాట నేపథ్యంలో ఆ పథకమంతా ఎంత చకచకా సాగుతుందంటే మనం పూర్తిగా ఆ కుటుంబం పక్షాన చేరిపోయి నవ్వుతాం. ఆమె ఒక్క పెట్టెతో వెళ్లిపోతుంది, మనం మర్చిపోతాం. తర్వాత ఒక వాన రాత్రి ఆమె తడిసి ముద్దై ఆ ఇంటి బెల్లు కొడుతుంది. అక్కడ బాంగ్ జూన్ హో మన నవ్వుకు లెక్క అడుగుతున్నాడు. 2019లో కాన్‌లో అన్నిటికంటే పెద్ద బహుమతి పామ్ డోర్, మరుసటి ఏడాది ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు ఈ సినిమాకు వచ్చాయంటే, ఆ తలుపు గంట దగ్గర ప్రపంచమంతా ఉలిక్కిపడ్డదనే నేననుకుంటాను.

మన దేశంలో పీప్లీ లైవ్ (2010) కూడా ఈ పరీక్షకు నిలబడుతుంది. ఆత్మహత్య చేసుకుంటాడని పేరుపడ్డ రైతు మీద కాదు అందులో నవ్వు, ఆయన ఇంటి చుట్టూ మూగిన కెమెరాల మీద, నాయకుల మీద.

8. ఎవరితో, ఎప్పుడు

ఒంటరిగా చూస్తే ఈ సినిమాల్లో బాధ ఎక్కువ పడుతుంది, పదిమందితో చూస్తే నవ్వు ఎక్కువ పడుతుంది. నలుగురైదుగురు సరైన సంఖ్య. వయసులు కలిసి ఉంటే మరీ మంచిది, యూనివర్సిటీ కుర్రాడు నవ్వే చోట అరవై ఏళ్ల అక్క ఎందుకు నవ్వలేదో అక్కడికక్కడే తెలుస్తుంది.

ఇంట్లో పిల్లలు, పెద్దలు ఉంటే ముందు మీరొక్కరే చూడండి. ఫాలెన్ లీవ్స్, ఇట్ మస్ట్ బి హెవెన్ ఎవరితోనైనా చూడొచ్చు. వైల్డ్ టేల్స్, పారసైట్లలో హింస ఉంది, ఇబ్బంది పెట్టే సీన్లూ ఉన్నాయి. మార్టిన్ మెక్‌డొనా తీసిన ద బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్ (2022) గొప్ప సినిమా, ఒక స్నేహితుడు ఉన్నట్టుండి నీతో మాట్లాడను అనడమే కథంతా, కానీ వేళ్లు తెగుతాయి, రక్తం చూడలేనివాళ్లకు ముందే చెప్పండి. ఇంట్లో కర్మ అయ్యి ఇంకా నెల కాని మనిషికి చావు కామెడీ చూపించకండి. వాళ్లే అడిగితే అది వేరే సంగతి, అలా అడిగినవాళ్లూ ఉన్నారు, బలగం చూసి నాన్న గురించి మొదటిసారి మాట్లాడినవాళ్లు ఉన్నారు.

9. అయిపోయాక వెంటనే లైటు వెయ్యకండి

పేర్లు పడుతుండగా ఎలా ఉందన్నా అని అడిగితే బాగుందనో బోరనో తప్ప ఇంకేమీ రాదు. టీ పెట్టుకుని కూర్చుని ఈ ప్రశ్నలు వేసుకోండి: మీకు నవ్వొచ్చి, నవ్వినందుకు సిగ్గేసిన చోటేది? ఏ వస్తువు గుర్తుండిపోయింది? కథను ఆ వస్తువు లేకుండా చెప్పగలరా? చివర్లో ఆ మనుషులకు మంచి జరిగిందా? ఈ ఆఖరి ప్రశ్న మీద గొడవ పడకుండా ఎవరూ లేవరు. ముఖ్యంగా థామస్ వింటర్‌బర్గ్ తీసిన అనదర్ రౌండ్ (2020) పెట్టారంటే. రోజూ కొద్దిగా తాగి పాఠాలు చెబితే జీవితం బాగుపడుతుందేమోనని ప్రయత్నించే నలుగురు టీచర్ల కథ అది, చివర్లో ఒక చావు తర్వాత మ్యాడ్స్ మికెల్సన్ రేవు దగ్గర డాన్స్ చేస్తాడు. సంతోషమా, పతనమా? షూటింగ్ మొదలైన కొద్ది రోజులకే దర్శకుడి కూతురు కారు ప్రమాదంలో చనిపోయిందని, సినిమా ఆమెకే అంకితమని చూశాక చెప్పండి, ముందు వద్దు.

బాగాలేదన్నవాళ్లను ఒప్పించే పని పెట్టుకోకండి. ఎక్కడ విసుగొచ్చిందో అడగండి చాలు. సగం సార్లు వాళ్లు చెప్పే ఆ చోటే దర్శకుడు కావాలని సాగదీసిన చోటు అయ్యుంటుంది.

10. తర్వాత దర్శకుణ్ణి పట్టుకుని వెళ్లండి

ఈ సినిమాల్లో ఒకటి మీకు బాగా పట్టిందనుకోండి, అదే దర్శకుడి ఇంకో రెండు చూడండి. కౌరిస్మాకి నచ్చితే ద మ్యాన్ వితౌట్ ఎ పాస్ట్ (2002), తర్వాత ద అదర్ సైడ్ ఆఫ్ హోప్ (2017). ఓస్ట్లుండ్ నచ్చితే ద స్క్వేర్ (2017), ట్రయాంగిల్ ఆఫ్ సాడ్‌నెస్ (2022), రెండింటికీ పామ్ డోర్ వచ్చింది, కానీ రెండోదాంట్లో ఓడలో అందరూ వాంతులు చేసుకునే సీను చాలా సేపు ఉంటుంది, భోంచేస్తూ చూడకండి.

టోని ఎర్డ్‌మన్ (2016) మాత్రం ఎవరి తర్వాత చూడాలన్న లెక్క లేకుండా చూడండి. జర్మనీ దర్శకురాలు మారెన్ ఆడె సినిమా. పరాయి దేశంలో పెద్ద ఉద్యోగం చేస్తున్న కూతురి దగ్గరికి చెప్పాపెట్టకుండా వచ్చే తండ్రి, జేబులో పెట్టుడు పళ్లు, నెత్తిన విగ్గు, ఆమె ఆఫీసు వాళ్ల ముందు వేరే మనిషిలా నటిస్తూ పరువు తీస్తుంటాడు. బెంగళూరులోనో అమెరికాలోనో పిల్లలున్న తిరుపతి తల్లిదండ్రులకు ఇంతకంటే దగ్గరి సినిమా విదేశాల్లో దొరకదని నా నమ్మకం. అయితే చివర్లో కూతురు ఇచ్చే పార్టీలో నగ్నత్వం ఉంది, ముందు ఇంకో సీనూ ఉంది, కాబట్టి అమ్మానాన్నలతో కలిసి కూర్చుని చూడటం కుదరదు, వాళ్లను వేరుగా చూడమనండి, మీరు వేరుగా చూడండి, తర్వాత ఫోన్లో మాట్లాడుకోండి. నిడివి 162 నిమిషాలు. ఆదివారం పొద్దున్నే, కరెంటు పోదనుకున్న పూట మొదలుపెట్టి, ఆపకుండా చూడండి. ఈసారి ఎంచుకోవాల్సిన వస్తువు ఆ పళ్లు.